హంపమ్మ చేటలో ఇంగ్లీషు మాట

హంపమ్మకు ఇంగ్లీషులో ఒకే ఒక్క మాట మీద కోపం. ఆ మాట ‘ట్రై’. బస్సు, బ్యాంకు, ఫోను, కరెంటు, ఇవన్నీ ఆమె నోట్లో పడి ఎప్పుడో తెలుగైపోయాయి. వాటితో ఆమెకు తగాదా లేదు. తగాదా అంతా ఈ ట్రైతోనే. పింఛను కాగితం కోసం ఆఫీసుకు తిరిగిన పదకొండు నెలలూ అక్కడి ఉద్యోగి "ట్రై చేస్తాండామవ్వా" అన్నాడు. బోరు వేయిస్తానన్న పెద్దమనిషి "ట్రై చేద్దాంలే పెద్దమ్మా" అన్నాక మళ్లీ ఫోనెత్తలేదు. పెళ్లికి పిలిస్తే చుట్టాలు "ట్రై చేస్తాం" అంటారు, ఆ రోజు వండిన అన్నం సగం గంపల్లోనే మిగిలిపోతుంది. రానని చెప్పడానికి మొహమాటపడేవాళ్ల కోసం ఇంగ్లీషువాళ్లు ఆ మాటను కనిపెట్టారని హంపమ్మ గట్టి నమ్మకం. ఎవరైనా ఆ మాట ఎత్తితే చాలు, "చెయ్యనని చెప్పు నాయనా, నేను ఇంటికి పోయి బువ్వ తింటా" అనేది.

ఆమెది ఎర్రబండ. పత్తికొండ నుంచి డోన్ పోయే దారిలో బస్సు దిగి, రాళ్ల బాట పట్టుకుని మైలు దూరం నడిస్తే వచ్చే ఊరు. ఆమె పని విత్తనాలు ఏరడం. మృగశిర కార్తె దగ్గర పడుతోందంటే చుట్టుపక్కల నాలుగూళ్ల వేరుశనగ విత్తనం హంపమ్మ వసారా చేరుతుంది. మిషన్లో ఒలిపిస్తే గింజ పగులుతుంది, ఎర్రపొట్టు ఊడుతుంది, అది మొలవదు. అందుకని విత్తనానికి పెట్టుకునే కాయను చేత్తోనే ఒలుస్తారు. ఒలిచిన గింజను జల్లెడ పట్టి, చేటతో చెరిగి, ఆ తర్వాత ఒక్కో గుప్పెడూ నేల మీద పరిచి ఏరాలి. ఏరేటప్పుడు ఆమె గింజల వంక చూడదు. రోడ్డు మీద ఎవరు పోతున్నారో, ఎవరింటి కోడలు ఏ చీర కట్టిందో చూస్తూ ఉంటుంది. వేళ్లు మాత్రం వాటి పని అవి చేసుకుపోతాయి.

ఆమె ఏరితే మూడు కుప్పలు పడతాయి. ఒకటి చేనికి, ఒకటి ఇంట్లో తినడానికి, ఒకటి గానుగకు. పారేసే కుప్ప అంటూ ఉండదు. ఏరిన దాంట్లోంచి పిడికెడు తీసి తడి గోనెపట్టాలో చుట్టి మూలన పెడుతుంది. మూడో రోజు విప్పి, మొలకలు చూసి, అప్పుడు గానీ "ఇత్తుకో పో" అనదు. ఒకసారి ఓబుళేశు అనే మోతుబరి రైతు నలభై బస్తాలు తెచ్చి పోస్తే, మూడో రోజు పట్టా విప్పి, "ఏమప్పా ఓబుళేశూ, ఇది మిక్చర్లోకి శానా బాగుంటాది, చేనికి మాత్రం వద్దు" అని ముఖం మీదే చెప్పింది. ఓబుళేశు వారం రోజులు అలిగాడు. తర్వాత వేరే విత్తనం తెచ్చుకుని మళ్లీ ఆమె వసారాలోనే కూర్చున్నాడు.

ఆ ఇంట్లో ఉండేది హంపమ్మ, మనవరాలు శివజ్యోతి. కొడుకు రంగనాథ్, కోడలు బెంగుళూరులో కట్టడాల పనికి పోయి పండగలకు వస్తుంటారు. శివజ్యోతి హాస్టళ్లలో ఉండి చదివింది, ఇంగ్లీషులో డిగ్రీ చేసింది, బీఎడ్ పూర్తి చేసింది. చదువైతే అయింది గానీ ఉద్యోగం మాత్రం చేతికి రాలేదు. ప్రైవేటు బడుల్లో ఉద్యోగం ఇచ్చే ముందు పిల్లల ముందు నిలబెట్టి ఒక పాఠం చెప్పిస్తారు, దాన్ని డెమో అంటారు. శివజ్యోతి రెండు డెమోలు చెప్పింది. రెండు చోట్లా "కబురు చేస్తాం, ట్రై చేద్దాం" అన్నారు. హంపమ్మకు ఆ మాట మీద ఉన్న కోపం అప్పుడు రెండింతలైంది.

మూడో డెమో శుక్రవారం, డోన్‌లో. ఇది కూడా పోతే సోమవారం సాయంత్రం రైలెక్కి బెంగుళూరు పోతానని, అక్కడ బట్టలు కుట్టే కంపెనీలో చేరతానని శివజ్యోతి తేల్చి చెప్పేసింది. చెప్పడమే కాదు, నీలం రంగు పెద్ద సంచిలో బట్టలు సర్ది గోడకు తగిలించింది కూడా. హంపమ్మ ఆ సంచి వైపు చూడకుండా ఉండటానికి వారం రోజులుగా మెడ పక్కకు తిప్పుకుని నడుస్తోంది. పనికి పోయిన కొడుకు పండగ చుట్టమయ్యాడు. ఈ పిల్ల కూడా అట్లా అయిపోతుందేమోనని ఆమెకు భయం. ఆ భయాన్ని బయటికి చెప్పకుండా, "ఆ సంచి పెద్దదయిందే, దారిలో దొంగలు పడతారు" అనేది.

బుధవారం మధ్యాహ్నం శివజ్యోతి గోడకు ఆనుకుని నిలబడి, చేతులు కట్టుకుని, పాఠం అప్పజెప్పడం మొదలుపెట్టింది. బడి పెద్ద మేడం ఇచ్చిన పని ఏమిటంటే, రోజూ వాడే ఇంగ్లీషు క్రియ ఒకటి తీసుకుని, దాని అర్థాలేమిటో, అది ఎక్కడ పుట్టిందో ఏడో తరగతి పిల్లలకు చెప్పాలి. శివజ్యోతి ఊపిరి తీసుకోకుండా చదువుతోంది. హంపమ్మ ఏరుతూ ఏరుతూ ఆవులించింది.

"అమ్మీ, పిల్లోళ్లు పారిపోతారే. నాకు చేతిలో పనుండాది కాబట్టి కూర్చోనుండా, లేకుంటే నేనూ లేచి పోతుంటి" అంది. "ఇంతకీ ఏం మాటే అది?"

శివజ్యోతి కాసేపు నసిగింది. "ట్రై" అంది మెల్లగా.

"లోకంలో నీకు ఇంకో మాట దొరకలేదా?"

"శానా అర్థాలుండాయని ఎత్తుకుంటి అవ్వా. దాని పుట్టుక బాగుంటాది. ఎనిమిదొందల ఏండ్ల కిందట ఫ్రెంచి మాట్లాడేవాళ్ల నోట్లో దానికి అర్థం వేరే. ప్రయత్నం చెయ్యడం కాదు. కలిసిపోయినదాన్ని ఏరి వేరు చెయ్యడం. మంచిది ఈ పక్క, కానిది ఆ పక్క."

హంపమ్మ చేతులు ఆగిపోయాయి. పని మధ్యలో ఆమె చేతులు ఆగడం శివజ్యోతి ఎప్పుడూ చూడలేదు.

"ఏరడమా? నేను చేస్తాండేదా?"

"అదే. ఆడ నుంచి ఇంగ్లీషు వాళ్లు తెచ్చుకుని కోర్టులో పెట్టుకున్నారు. కేసు విచారించడాన్ని కూడా ట్రై అనే అంటారు. నిజాన్నీ అబద్ధాన్నీ ఏరాల కదా. ఆ తర్వాత పరీక్ష చెయ్యడానికి, రుచి చూడ్డానికి వాడుకున్నారు. అట్ల పోయి పోయి, చేసి చూడటం, ప్రయత్నం చెయ్యడం అనేది వచ్చింది."

"ఫ్రెంచోళ్లకు యాడిది ఈ మాట?"

"దానికి ముందు యాడ పుట్టిందో చదువుకున్నోళ్లకు కూడా తెలీదంట."

"పోనీలే, మా ముత్తవ్వ పేరు నాకూ తెలీదు" అని హంపమ్మ మళ్లీ చేట అందుకుంది. ఇన్నాళ్లూ తాను తిట్టుకున్నది తన పనినేనా అని ఆలోచిస్తున్నట్టుంది. చివరికి, "అయితే నోటితో చెప్పొద్దే. చేట తీసుకుని పోదాం. గింజలు పోసి పిల్లోళ్లతోనే ఏరిద్దాం. నేనూ వస్తా" అంది.

శుక్రవారం పొద్దున ఏడు గంటల బస్సు. హంపమ్మ పెట్టెలోంచి జరీ అంచు చీర తీసి కట్టింది, విప్పింది, మళ్లీ కట్టింది. బడి గడప ఆమె ఎన్నడూ తొక్కలేదు. బస్సు వేళ దగ్గరపడేసరికి ఇంట్లో హడావిడి మొదలైంది. మూలన రెండు సంచులున్నాయి. రెండూ ఎరువుల బస్తాలతో కుట్టినవే, రెండింటికీ ఒకే రకం ముడి. ఒకదాంట్లో ఇంకా ఏరని కలగలుపు గింజలు. రెండోది తల్లిసంచి. తన రెండెకరాల చేలో ప్రతి ఏడూ పండిన దాంట్లోంచి అన్నిటికన్నా మేలైన గింజలు ఆరేడు కిలోలు పక్కకు తీసి, మరుసటి ఏడు గట్టు వారన విత్తి, మళ్లీ దాంట్లోంచి మేలైనవి తీసి, ఇట్లా ఎన్నో ఏళ్లుగా నడుపుకొస్తున్న విత్తనం అది. అటువంటి సంచిని ఊళ్లో పెద్దమనిషి అడిగినా ఆమె ముట్టనివ్వదు. ఆ పొద్దున ఒక చేత్తో చేట, ఇంకో చేత్తో కొంగు పట్టుకుని, మూడో చెయ్యి లేక, దగ్గరగా ఉన్న సంచిని చంకన పెట్టుకుని పరుగెత్తింది.

బడి పెద్ద మేడం పేరు కృపమణి. బొద్దుగా ఉంటుంది, కళ్లద్దాల మీద నుంచి చూస్తుంది, తక్కువ మాట్లాడుతుంది. చేట పట్టుకుని వచ్చిన ముసలామెను కింద నుంచి పైకి చూసి, ఏమీ అడగకుండా వెనక బెంచీ చూపించింది. తానూ అదే బెంచీ మీద, నోటుబుక్కుతో కూర్చుంది.

శివజ్యోతి నేల మీద నాలుగు చోట్ల పాత పేపర్లు పరిచి, గింజలు నాలుగు కుప్పలుగా పోసింది. నలభై మంది పిల్లలను పదేసి మందిగా చుట్టూ కూర్చోబెట్టింది. "మంచి గింజలు ఒక పక్కకు, చెడ్డవి ఒక పక్కకు ఏరండి. తర్వాత ఒక మాట చెప్తాను" అంది. చెప్పడం అయ్యేలోపలే పిల్లలు గింజల మీద పడ్డారు. బెంచీల మీద నుంచి నేల మీదకు దిగడమే వాళ్లకు పండగ.

రెండు నిమిషాలయింది. ఒక పిల్లాడు లేచాడు.

"మిస్, చెడ్డవి లేవు."

"సరిగ్గా చూడండి."

"మా దాంట్లో కూడా లేవు మిస్" అంది ఇంకో కుప్ప.

"అన్నీ మంచివే మిస్" అన్నారు అందరూ.

శివజ్యోతి వంగి గుప్పెడు గింజలు తీసుకుంది. ఒకే పరిమాణం, ఒకే రంగు, నున్నటి పొట్టు. పుచ్చు లేదు, బద్ద లేదు, ముడత లేదు. తలెత్తి వెనక బెంచీ వైపు చూసింది. హంపమ్మ అప్పటికే లేచి నిలబడి ఉంది. నాలుగు కుప్పల్లో నేల మీద పడి ఉన్నది తన తల్లిసంచి అని ఆమెకు అక్కడి నుంచే తెలిసిపోయింది.

ఏరడానికి ఏమీ లేని గింజలు పోసి ఏరమంటే పాఠం ఎట్లా నడుస్తుంది? నోటుబుక్కులో మేడం పెన్ను ఏదో రాసింది. ‘ఆగండి, అవి ముట్టుకోవద్దు’ అని అరవాలని హంపమ్మకు నోటిదాకా వచ్చింది. అరిస్తే విత్తనం దక్కుతుంది. మనవరాలు మాత్రం అందరి ముందూ అట్లాగే నిలబడిపోతుంది, సోమవారం రైలెక్కుతుంది. గోడకు తగిలించిన నీలం సంచి ఆమె కళ్ల ముందుకొచ్చింది. ఆమె చేట పక్కన పెట్టి, కొంగు నడుముకు దోపి, పిల్లల మధ్యకు నడిచింది.

"ఈ గింజలు ఏరింది నేనే" అంది. "నలభై ఏండ్ల నుంచి ఏరతాండా. నా చేతిలోంచి చెడ్డ గింజ పోయిందని ఈ జిల్లాలో ఎవరూ అనలేదు. మీరు నలభై మంది ఉండారు. ఒక్కటంటే ఒక్కటి చూపెట్టండి, తప్పు నాదేనని మీ మేడం ముందరే ఒప్పుకుంటా."

గది ఒక్కసారి గొల్లుమంది. పెద్దవాళ్ల తప్పు పట్టుకునే అవకాశం పిల్లలకు రోజూ దొరకదు. అందరూ నేలకు ముక్కులు ఆనించి వెతకడం మొదలుపెట్టారు. శివజ్యోతి చదువుకొచ్చిన పాఠం తలలోంచి ఎగిరిపోయి, దాని చోట వేరే పాఠం దానంతట అదే వచ్చి కూర్చుంది. "సరే, కోర్టు పెడదాం" అంది. బల్ల ముందుకు లాగి హంపమ్మను దాని పక్కన నిలబెట్టింది. ఆమె తరఫున ఇద్దరు వకీళ్లు, ఎదుటి పక్షాన ఇద్దరు. జడ్జిగా క్లాసు లీడరును కుర్చీలో కూర్చోబెట్టింది.

ఒకరు చిన్న గింజ తెచ్చారు. అది చిన్నదే గానీ నిండు గింజ అని వకీలు వాదించాడు. ఒకరు పొట్టు నలిగిన గింజ తెచ్చారు. నువ్వే నలిపావు అని తేలింది. ఇంకొకడు, చూస్తే తెలీడం లేదు, కొరికి చూడాలి అన్నాడు. చేదుగా ఉంటే చెడ్డదే కదా అని జడ్జి ఒప్పుకున్నాడు. అంతే, నలభై మందీ కొరికి చూడటం మొదలుపెట్టారు.

మేడం చటుక్కున లేచింది. "ఆగండి, ఆగండి. అవి విత్తనాలు కదమ్మా, మందు కలిపినవా?"

"లేదమ్మా, మందు కలిపేది ఇత్తే పొద్దునే" అంది హంపమ్మ. "తిననీ." ఆ ఒక్క మాట అనడానికి ఆమెకు ఎంత కష్టమైందో ఆ గదిలో శివజ్యోతికి ఒక్కదానికే తెలుసు. నలభై నోళ్లు కరకరమని నమలసాగాయి. నాలుగు కుప్పలూ కళ్ల ముందే సగమయ్యాయి. ఒక్కడు కూడా చేదన్న పాపాన పోలేదు. ఆ ఒక్క విషయానికి మాత్రం ఆమెకు లోపల కొంచెం గర్వంగానే ఉంది.

మెల్లగా అందరూ వెతకడం మానేశారు, తినడం మాత్రం మానలేదు. హర్షిణి అనే బక్కపిల్ల ఒకతె ఇంకా మూలన కూర్చుని ఒక్కో గింజా వెలుతురుకు ఎత్తి చూస్తోంది. చివరికి లేచి వచ్చి అరచెయ్యి చాపింది. గింజ మొన దగ్గర సూదితో పొడిచినంత సన్నటి రంధ్రం.

హంపమ్మ గింజను తీసుకుని కిటికీ దగ్గరికి పోయింది. అటు తిప్పింది, ఇటు తిప్పింది, గోటితో తడిమింది. వకీళ్లు నోళ్లు తెరుచుకుని నిలబడ్డారు. ఆమె తిరిగి వచ్చి బల్ల పక్కన నిలబడింది.

"రంధ్రముండాది" అంది. "నా కంటికి ఆనలేదు. తప్పు నాదే."

పిల్లలు బల్లలు అదిరిపోయేటట్టు చరిచారు. శివజ్యోతి అప్పటిదాకా ముట్టని సుద్దముక్క అప్పుడు తీసుకుని బోర్డు మీద మూడు అక్షరాలు రాసింది. మొదట మీరు గింజలు ఏరారు, తర్వాత మా అవ్వను విచారించారు, తర్వాత కొరికి చూశారు, అందరూ మానేసినా హర్షిణి మానకుండా వెతికింది, ఈ నాలుగు పనులకూ ఇంగ్లీషులో ఒకే మాట, ఇదిగో అంది. ఎనిమిది వందల ఏళ్ల కథ నాలుగు నిమిషాల్లో చెప్పింది. గంట కొట్టారు. వెళ్తూ వెళ్తూ, మిగిలిన గింజలు తలా ఇన్ని ఇంటికి తీసుకెళ్లి తడిగుడ్డలో చుట్టి పెట్టి సోమవారం తెమ్మని పని ఇచ్చింది. హర్షిణికి మాత్రం రంధ్రం గింజ ఒక్కటే ఇచ్చింది. దాంతో తల్లిసంచి గింజ ఒక్కటీ మిగల్లేదు.

కృపమణి మేడం నోటుబుక్కు మూసి, "సోమవారం లోపల కబురు చేస్తామమ్మా" అంది.

బస్సు దిగి ఊరి బాట పట్టాక శివజ్యోతి, "తల్లిసంచి మొత్తం పాయె కదవ్వా" అంది.

"పోతే పోయిందిలే. పాఠం బాగుండాది" అంది హంపమ్మ. నిజానికి విత్తనం పోయిన దిగులు కన్నా ఆ రంధ్రం ఆమెను ఎక్కువ తొలిచింది. శనివారం అన్నం సరిగ్గా తినలేదు. ఏరేటప్పుడు రోడ్డు వంక చూడటం మానేసి, గింజల వంకే చూస్తూ కూర్చుంది. ఆదివారం మంచి వాన పడింది. ఊరంతా విత్తడానికి సిద్ధమవుతుంటే, ఫోను మాత్రం మోగలేదు.

సోమవారం పదింటికి మోగింది. శివజ్యోతి మాట్లాడకముందే అవతల మేడం గొంతు, దాని వెనక పెద్ద గోల. "ఏమ్మా, నువ్వెక్కడున్నావు? ఏడో తరగతి మొత్తం తడిగుడ్డలు పట్టుకుని నా రూము ముందు నిలబడింది. ఇంగ్లీషు మిస్ ఎక్కడ అని అడుగుతున్నారు. నేనేం చెప్పేది? త్వరగా రా. మీ అవ్వను కూడా తీసుకురా. మొలకలొచ్చినవి ఏం చెయ్యాలో నాకు తెలీదు."

వాళ్లు పోయేసరికి వరండాలో నలభై మూటలు. చేతిరుమాళ్లు, పాత చొక్కా గుడ్డలు, ఒకడైతే వాళ్ల నాన్న కండువా చింపి తెచ్చాడు. విప్పిన ప్రతి గుడ్డలోనూ తెల్లటి మొలకలు. హంపమ్మ ఒక్కోటీ వంగి చూస్తూ పోయింది. చివరన హర్షిణి నిలబడి ఉంది. పెన్నుల డబ్బాలో తడి దూది, దూది మీద రంధ్రం పడ్డ గింజ. దానికి కూడా మొలక వచ్చింది. మిగతావాటి కన్నా కొంచెం పొట్టిది, అంతే.

"నేనే తప్పుగా పట్టుకున్నానేమో అవ్వా" అంది హర్షిణి బెరుకుగా.

"రంధ్రం నిజమే, మొలకా నిజమే. నువ్వు చూసినావు గాబట్టే నాకు తెలిసింది" అంది హంపమ్మ. మొలకెత్తిన గింజ ఆగదని చెప్పి, నలభై మందినీ బడి వెనక గోడ వారకు తోలుకుపోయింది. వానకు మెత్తబడిన నేలలో జానెడు ఎడంగా వేళ్లతో గుంటలు తీయించి, మొలక విరగకుండా ఎట్లా పెట్టాలో చూపించింది. హర్షిణి గింజను అందరికన్నా ముందు, మొదటి గుంటలో పెట్టించింది.

చేతులు కడుక్కుని వచ్చాక మేడం ఇద్దరినీ గదిలోకి పిలిచింది. "ఇవాళ్టి నుంచే చేరమ్మా" అంది శివజ్యోతితో. తర్వాత హంపమ్మ వైపు తిరిగి కొంచెం మొహమాటంగా, "మూడు నెలలు మాత్రం చూసి, తర్వాత ఖాయం చేస్తాం. మా బడి పద్ధతి అది. ఏమనుకోవద్దు" అంది.

ఇదీ ట్రై లాంటి మాటేనని అవ్వ ఎక్కడ తిడుతుందోనని శివజ్యోతి ఆమె కొంగు పట్టి లాగింది. హంపమ్మ నవ్వింది.

"ఏమనుకుంటానమ్మా? ఇత్తనాన్ని నేను మూడు దినాలు చూస్తా. మనిషికి మూడు నెలలు న్యాయమే. చూడండి, బాగా చూడండి."

మధ్యాహ్నం బస్సుకు హంపమ్మ ఒక్కతే ఇంటికొచ్చింది. కలగలుపు సంచి విప్పి వసారాలో పోసి, చేట ముందు పెట్టుకుని ఏరడం మొదలుపెట్టింది. తల్లిసంచిని మళ్లీ మొదటి నుంచి కట్టుకోవాలి. మేలైన గింజలు ఒక కుప్ప అయ్యాక పోయడానికి ఖాళీ సంచి కోసం వెతికింది. పాతది బడిలోనే మరిచిపోయి వచ్చింది.

సాయంత్రం బెంగుళూరు రైలు డోన్ దాటిపోయే వేళకు శివజ్యోతి ఇంటికి చేరింది. చూస్తే తన బట్టలన్నీ దండెం మీద వేలాడుతున్నాయి. నీలం సంచి వసారాలో నోరు తెరుచుకుని ఉంది. హంపమ్మ రోడ్డు మీద ఎవరు పోతున్నారో చూస్తూ, గుప్పెడు గుప్పెడు గింజలు దాంట్లో వేస్తోంది.

"అవ్వా, అది నా సంచి" అంది శివజ్యోతి.

"ఇంక నీకు దాంతో ఏం పనే" అంది హంపమ్మ, తల తిప్పకుండానే. "వచ్చి కూర్చో. చీకటి పడేలోపల ఇంకో చేట ఏరల్ల."